తలా ఒక జరుపు

ఆఖరి మేకు కొట్టడం అయిపోయింది కాబట్టి ఇక చేతులకి పని లేదు, అదే వచ్చిన చిక్కు, సుత్తి చేతిలో ఉన్నంతసేపూ భయం గుమ్మం బయటే నిలబడింది, సుత్తి కింద పెట్టి స్టూలు మీద కూలబడగానే లోపలికొచ్చేసింది. ఇంకో గంటలో వాళ్ళొస్తారు. చెక్కబొమ్మలు చెక్కే ఉలి వస్తాడు, డ్రాయింగ్ టీచరు వస్తుంది, ఫొటోగ్రాఫరమ్మాయి వస్తుంది, వచ్చి ఈ గోడ మొదట్నుంచి ఆ గోడ చివరిదాకా చూస్తారు, చూసిన మరుక్షణం తెలిసిపోతుంది. తెలియకపోవచ్చు కూడా. తెలియకపోతే ఈ గండం గడిచినట్టే, మళ్ళీ చాలాకాలందాకా బొమ్మలు తగిలించే వంతు తనకి రాదు, ఆలోపు ఏమవుతుందో ఎవడు చూశాడు. ఎవడు చూశాడు. ఈ మధ్య ఏ మాట పట్టుకున్నా అందులో ఓ కన్నుంటోంది. కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూడటం, కంట్లో నలుసు, కంటికి రెప్ప, గుడ్డి కన్నా మెల్ల నయం. పుట్టి బుద్ధెరిగినప్పట్నించీ ఈ మాటలన్నీ నోట్లోంచి జారిపోతూనే ఉన్నాయి, ఒక్కటీ ఇలా గొంతులో అడ్డం పడలేదు.

బయట బోర్డు మీద గ్యాలరీ అని ఉంటుంది కానీ వీళ్ళంతా దీన్ని షాపనే అంటారు, ఎందుకంటే వీళ్ళు తీసుకోకముందు ఇది బట్టలుతికి ఇస్త్రీ చేసిచ్చే షాపు, పైకప్పుకి హ్యాంగర్లు తగిలించే ఇనపకమ్మీలు అలాగే ఉన్నాయి, వాన పడితే గోడల్లోంచి ఇప్పటికీ ఉడికిన సబ్బు వాసన వస్తుంది. యజమానంటూ ఎవరూ లేరు. బొమ్మలు వేసేవాళ్ళే అద్దె కడతారు, వాళ్ళే ఊడుస్తారు, వాళ్ళే వంతులేసుకుని తలుపు తీసి కూర్చుంటారు, ఎవరూ రాకపోతే ఒకరి బొమ్మ ఒకరు చూసుకుని పెదవి విరుస్తారు. అప్పుడప్పుడూ ఒక్క మాట మీద అందరూ కలిసి ప్రదర్శన పెడతారు. ఆ మాటని ఎవరూ ఎంచరు. ఎప్పుడో తలా కొన్ని చీటీలు రాసి ఓ బిస్కెట్ల డబ్బాలో పడేశారు, చెయ్యి పెట్టి తీస్తే ఏదొస్తే అదే. ఓసారి 'ఇరుకు' అని వచ్చింది, ఓసారి 'మెట్లు' అని వచ్చింది, 'కుర్చీ' అని వచ్చినప్పుడు ఉలి మూడుకాళ్ళ కుర్చీ చెక్కి తెచ్చి నడిగదిలో పెడితే చూడటానికొచ్చిన పెద్దమనిషి అది బొమ్మని తెలీక కూర్చుని వెల్లకిలా పడ్డాడు, ఆ ఏడాదంతా అదే నవ్వు. ఈసారి డబ్బాలో చెయ్యి పెట్టింది ఫొటోగ్రాఫరమ్మాయి. విప్పి, 'నీలం' అని చదివి, బాబాయ్ ఇది మీ రాతే అంది. అవును తన రాతే. షాపు పెట్టిన కొత్తలో రాసి పడేసిన చీటీ, అప్పటి కళ్ళతో రాసిన చీటీ, ఇన్నేళ్ళూ డబ్బా అడుగున నిక్షేపంలా పడి ఉండి, రాక రాక ఇప్పుడా రావడం. అందరూ చప్పట్లు కొట్టారు. తనూ కొట్టాడు.

అసలు పేరు ఏదైతేనేం, ఇక్కడ అతన్ని రంగులాయన అనే అంటారు. నిన్న మొన్నటిదాకా రంగుల కొట్లో నిలబడి రంగులు కలిపిన మనిషి. ఎవరో ఓ తలుపు పెచ్చు పట్టుకొస్తారు, అచ్చం ఇదే రంగు కావాలంటారు, కిటికీ పెచ్చు, గేటు పెచ్చు, ఒకావిడైతే పోయిన అత్తగారి చీర చెంగు పట్టుకొచ్చి గోడకి ఈ రంగు వెయ్యాలంది, అతను దాన్ని వెలుతురు వైపు ఓసారి తిప్పి చూసి డబ్బాలో పోసేవాడు, ఇది గరిటెడు, అది చుక్క, కలిపి పుల్లతో ఆ పెచ్చు మీదే రాస్తే ఎక్కడ పాతదో ఎక్కడ కొత్తదో తెలిసేది కాదు. కొట్లోకి మిషను వచ్చాక కూడా మిషను తప్పితే ఆయన్ని పిలవండి అనేవాళ్ళు. చదువు లేదు, ఆస్తి లేదు, నలుగుర్లో మాట్లాడే నోరు లేదు, కళ్ళున్నాయి. ఆ కళ్ళని చూసే ఉలి ఇక్కడికి లాక్కొచ్చాడు. అందుకే ఈసారి తగిలించే వంతు తనదని తేలగానే అందరూ సంబరపడిపోయారు, నీలానికి రంగులాయన, ఇంకేం కావాలి అని. ఫొటోగ్రాఫరమ్మాయి ఇంకో మెట్టెక్కి, గుమ్మం దగ్గర లేత నీలంతో మొదలుపెట్టి, బొమ్మ బొమ్మకీ కాస్త ముదురుతూ పోయి, వెనక గోడ దగ్గర నల్లబడే నీలంతో ఆపాలి బాబాయ్, చూసేవాళ్ళకి నడుస్తుంటేనే పొద్దు గూకినట్టుండాలి, అది మీకే చేతనవుతుంది అంది. నాకు చేతకాదమ్మా అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంటే ఎందుకంటారు. ఎందుకో చెప్పాలి. తేలు కుట్టిన దొంగలా తలూపి ఊరుకున్నాడు.

ముందు గుమ్మాలు తగలడం మొదలైంది, పెళ్ళయినప్పట్నించీ దాటుతున్న ఇంటి గుమ్మమే వచ్చి భుజానికి కొట్టుకునేది. పక్కనుంచి వచ్చే సైకిలు పక్కన ఉండేది కాదు, ఉన్నట్టుండి ఎదురుగా ఉండేది. ఇంట్లో బ్యాంకు పనని చెప్పి ఒక్కడే కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. చిన్నపిల్ల, తనకి కూతురంటూ ఉంటే ఆ వయసే ఉండేది, గడ్డం ఇక్కడ ఆనించండంది, కదలొద్దంది, కంట్లోకి వెలుతురు పోసింది, కంటి నరం ఎండిపోతోందంది, పోయిన చూపు రాదండీ ఉన్నది కాపాడుకుందాం అంది, ఎంత మెల్లగా అందో. తర్వాత ఓ చెక్కపెట్టె తెరిచి రంగుబిళ్ళలు ముందు పోసింది. దగ్గర దగ్గర రంగులు పక్కపక్కన వచ్చేలా పేర్చండి, తొందరేం లేదంది. అతనికి నవ్వొచ్చింది. నాకా ఈ పరీక్ష, చేపపిల్లకి ఈత నేర్పుతావా తల్లీ అనుకున్నాడు, చకచకా పేర్చేసి చేతులు దులుపుకున్నాడు. ఆ పిల్ల బిళ్ళల వంక చూసింది. కాగితం మీద గీత గీయడం మొదలుపెట్టింది, ఆ గీత ఇటునుంచి అటు, అటునుంచి ఇటు పోతోంది, చెప్పులు తెగినవాడి నడకలా. 'బాగుందండీ' అంది. తోడు ఎవరైనా వచ్చారా అని అడిగింది. మీరేం పని చేస్తుంటారు అని అడిగింది. లెక్కలు రాస్తుంటానమ్మా అన్నాడు, ఆ అబద్ధం ఎక్కణ్ణించి ఊడిపడిందో తెలీదు. ఇంట్లో పెద్దవాళ్ళకెవరికైనా ఇలా ఉండేదా అంది. లేదన్నాడు. అది రెండో అబద్ధం.

నాన్న వాచీలు బాగుచేసేవాడు. వీధివైపు కిటికీ కింద బల్ల, బల్ల మీద గాజుమూతల కింద వాచీల పేగులు, ఒక కంటికి బిగించిన భూతద్దం. ఆ కన్నే ముందు పోయింది, తర్వాత రెండోది. పోతోందని నాన్న చెప్పలేదు, మాకు తెలుసునని ఇంట్లోవాళ్ళూ చెప్పలేదు. అమ్మే ఒక ఉపాయం కనిపెట్టింది. ఇంట్లో ఉన్న వాచీల్నే, శుభ్రంగా ఆడే వాచీల్నే, కీ అయిపోయేదాకా ఉంచి నాన్న ముందు పెట్టేది, ఎవరో ఇచ్చి వెళ్ళారండీ, ఆగిపోయిందట అనేది. నాన్న వెనకమూత విప్పేవాడు, వేళ్ళతో తడిమేవాడు, ఉఫ్ మని ఊదేవాడు, మూత బిగించి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకునేవాడు. ఆడేది. ఆడకేం చేస్తుంది. ఆడుతోందండీ అని అమ్మ అనేది, ఆడుతోంది నాన్నా అని పిల్లలందరూ అనేవాళ్ళు, అందులో అందరికన్నా పెద్ద గొంతు తనదే. నాన్న ముఖం వెలిగేది. ఎన్నాళ్ళు వెలిగిందో, ఓరోజు నాన్న వాచీ చెవి దగ్గర పెట్టుకుని, చాలాసేపు అలాగే ఉంచుకుని, మెల్లగా బల్ల మీద పెట్టి, 'ఇది మన పెద్దాడి వాచీ కదూ' అన్నాడు. ఆ తర్వాత ఇంక ఆ బల్ల దగ్గరికి రాలేదు, కుర్చీ గోడవైపు తిప్పించుకుని, అన్నం పెడితే తింటూ, పిలిస్తే పలుకుతూ, అలాగే పోయాడు. చీకటంటే భయమా అని ఇవాళ ఎవరైనా అడిగితే అతను భయమే అంటాడు, ఎందుకు కాదూ, అర్ధరాత్రి లేచి లైటు వేసి అదింకా వెలుగుతోందో లేదో చూసుకుని పడుకుంటున్న మనిషి. కానీ అంతకన్నా ఎక్కువ భయం ఇంకోటుంది. ఎవరో ఒకరు ఆడుతున్న వాచీ తెచ్చి తన ముందు పెడతారని.

సరే, ఇదంతా ఎందుకు, గోడ చూసుకో. పొద్దున వచ్చి బొమ్మలన్నీ గోడవారగా నేలమీద నిలబెట్టాడు. ఉలి తెచ్చిన నీలిరంగు పట్టించిన చెక్కపలకలు, టీచరు నీటిరంగుల ఆకాశాలు, ఫొటోగ్రాఫరమ్మాయి తీసిన మూసేసిన కొట్ల షట్టర్లు, రాలేనివాళ్ళు పంపించిన కట్టలు. గుమ్మం దగ్గర నిలబడి చూశాడు, వెనక్కెళ్ళి చూశాడు, కళ్ళజోడు పెట్టుకుని, కళ్ళజోడు తీసేసి, తల పక్కకి వంచి. అన్నీ ఒకే మబ్బు. బూడిదలో కాసిని నీళ్ళు, బూడిదలో ఇంకాసిని నీళ్ళు. నిదానం, నిదానం, కొట్లో గుంపు మీదపడ్డప్పుడు ఏం చేసేవాడివి, అన్నీ ఒక్కసారి చూడకు, బాగా తెలిసిన రంగు ఒక్కటి పట్టుకో, మిగతావాటిని దాని పక్కన పెట్టి అడుగు. బాగా తెలిసింది ఒక్కటుంది. తన బొమ్మ. తెల్లవారకముందు మేడమెట్ల మలుపులో ఉండే కిటికీ, అందులోంచి లోపలికి పడే నీలం. ఆ నీలానికి అనుమానం లేదు, ఎన్నేళ్ళుగానో వాడుతున్న ట్యూబు, ఇంట్లో అల్మారా పై అర ఎడమ చివర, దాని పేరు చదవక్కర్లేదు, రంగు చూడక్కర్లేదు, చెయ్యి పోతే అదే వస్తుంది, చీకట్లోనైనా వస్తుంది. ఆ బొమ్మని నడిగోడకి తగిలించాడు, దానికి ఇటు తగ్గేవి, అటు ముదిరేవి, ఒక్కో బొమ్మనీ ఎత్తుకొచ్చి దాని పక్కన పెట్టి, ఇది నీకన్నా ఎక్కువా తక్కువా అని దాన్నే అడుగుతూ, అది ఏం చెబితే అది చేస్తూ పోయాడు.

ఆ బొమ్మ మొదలుపెట్టే ముందే కదూ వాళ్ళావిడ ఇల్లంతా దులిపింది, మీ అల్మారా కూడా తుడిచానండీ, ఎన్నాళ్ళ దుమ్మో, మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాన్లెండి అంది, ఆవిడ చెయ్యి పడితే వస్తువు కడిగిన ముత్యంలా ఉంటుంది, సందేహం లేదు. బొమ్మ పూర్తయ్యాక టీ తెచ్చి వెనక నిలబడి, 'ఏ తోటండీ ఇది' అంది. అతను పగలబడి నవ్వాడు. తోటేమిటే, మన మెట్ల కిటికీ. అలాగా అని కప్పు తీసుకుని వెళ్ళిపోయింది. పెళ్ళయినప్పట్నించీ అంతే, గుర్రాన్ని వేస్తే ఆవంది, మామయ్యని వేస్తే ఎవరీ ముసలావిడ అంది, ఈ తోట సంగతి ఉలికి చెబితే కడుపు పట్టుకుని దొర్లుతాడు, చెప్పాలి వాడికి. బొమ్మలు తెలీకపోతే మానె, ఆవిడకి మిగతా సంగతీ తెలీదు, అదే మేలు. కళ్ళల్లో వేసుకునే చుక్కలు స్నానాలగదిలో గడియ పెట్టుకుని వేసుకుంటాడు, సీసా గొడుగు మడతల్లో దాస్తాడు, వానలు వెళ్ళిపోయాక గొడుగెవరు ముట్టుకుంటారు. ఇవాళ ఆవిడ కూడా వస్తానంది, ఇస్త్రీ చీర తీసి పెట్టుకుంది. జనమంతా వచ్చాక వస్తే బాగుండు, ముందే రాకపోతే బాగుండు.

తలుపు చప్పుడైంది. వాళ్ళు కాదు, సాయంత్రానికి చెప్పిన కాగితం గ్లాసుల పెట్టె తెచ్చిన కొరియరతను. పెట్టె దించి, సంతకం పెట్టండి సార్ అన్నాడు. రంగులాయన పెన్ను పట్టుకుని, పోతే పోయింది, ఊరూ పేరూ లేని మనిషి, రేపు కనపడడు కూడా అనుకుని, గుమ్మం పక్కనున్న రెండు ఆకాశాలూ చూపించి అడిగేశాడు.

"బాబూ, ఈ రెండిట్లో ఏది ముదురు?"

"రెండూ నీలమే కదండీ."

"నీలమే. ఏది ఎక్కువ నీలం?"

"మీరేదంటే అదే సార్. ఇక్కడ పెట్టండి. అక్కడ కాదు సార్, ఇక్కడ." ఆ మనిషి తన వేలుతో గీత చూపించాడు, వేలు అక్కడే ఉంచి పట్టుకున్నాడు, చిన్నపిల్లాడికి పట్టుకున్నట్టు. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "ఆ నడుమది బాగుందండీ, కంటికి చల్లగా ఉంది" అన్నాడు. రెండూ నీలమే. ఆ మాట చాలు, చెవిలో తేనె పోసినట్టయింది, నడుమదాని మెచ్చుకోలు కూడా కాస్త గర్వంగానే ఉంది, అంతలోనే ఆ వేలు గుర్తొచ్చింది. కొత్తవాడికి కూడా తెలిసిపోతోందా. ముఖం మీద కనపడుతోందా. అద్దంలో చూసుకుంటే కనపడదు, కనపడకపోవడానికి కారణం అదే కావచ్చు కూడా.

ఇక జరుపులే దిక్కు. ఈ షాపులో అదొక కట్టడి, ఇంకెక్కడా ఉండదు. బొమ్మలు తగిలించేది ఒక్కరే, అందులో ఇంకొకరు వేలు పెట్టకూడదు, కానీ జనం వచ్చేముందు మిగతావాళ్ళు తలా ఒక బొమ్మని జరపొచ్చు, ఒక్కటంటే ఒక్కటే, ఎందుకు జరిపావని అడక్కూడదు, మళ్ళీ వెనక్కి పెట్టకూడదు. దానికే జరుపు అని పేరు. మొదట్లో తగాదాలు ముదిరి సుత్తులు విసురుకునేదాకా వచ్చాక పెట్టుకున్న ఏర్పాటు. ఇన్నేళ్ళలో జరుపు వదులుకున్న మనిషి లేడు. టీచరు ఫ్రేముని బెత్తెడు పైకి జరిపైనా తృప్తి పడుతుంది. జ్వరంతో పడుకుని ఫోన్లో జరుపు చెప్పినవాళ్ళున్నారు. ఉలి ఓసారి రంగులాయన మీద కోపంతో అతని బొమ్మని పట్టుకెళ్ళి బాత్రూం తలుపుకి తగిలించాడు, చిత్రమేమిటంటే వచ్చినవాళ్ళంతా దాన్నే మెచ్చుకున్నారు. వేసినవాడికి లేని బాధ మీకెందుకర్రా, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని బయటివాళ్ళు నవ్వుతారు కానీ ఇవాళ ఆ దురదే తనని గట్టెక్కించాలి. ఒకటో రెండో తప్పులుంటే జరుపుల్లో కొట్టుకుపోతాయి. నీ కళ్ళు కాకులెత్తుకుపోయాయా అని ఉలి అరుస్తాడు, అందరూ నవ్వుతారు, ఆ నవ్వులో తనూ కలిసిపోతాడు. అరవాలి వాడు. అరిస్తే బతికిపోయినట్టే. ఒకటో రెండో కాకుండా అన్నీ తప్పయితే? అంత ఎందుకవుతుంది, నడిమిది ఖాయంగా నీలం, పునాది గట్టిగా ఉంటే ఇల్లు ఎంత వంకరపోతుంది.

వీధిలో వెలుతురు తగ్గింది. లేక వీధిలో అలాగే ఉండి లోపల తగ్గిందా, ఈ మధ్య ఈ తేడా తెలియటం లేదు, లైటు స్విచ్చి వేసి ఉందో లేదో చేత్తో తడిమి చూశాడు, వేసే ఉంది. చీకటి అంచుల్లోంచి వస్తుందట, డాక్టరమ్మ చెప్పింది, అంచులు పోతాయట ముందు, నడిమిది చాలాకాలం ఉంటుందట. ఉంటే మాత్రం, నడుమ ఏం పెట్టుకోవాలి, ఆవిడ ముఖం పెట్టుకుంటే బొమ్మ పోతుంది, బొమ్మ పెట్టుకుంటే మెట్టు పోతుంది, మెట్టు పెట్టుకుంటే ముఖం పోతుంది. చివరికి రంగులు గుర్తుండటం మిగులుతుందా, లేక అవి కూడా బూడిదలో పడతాయా, నాన్నని అడిగి ఉండాల్సింది, నాన్నా నీకు కలల్లో రంగులు వస్తున్నాయా అని ఒక్కసారి అడిగి ఉండాల్సింది, ఆడుతోంది నాన్నా అనడం తప్ప ఆయనతో ఇంకో మాట లేకపోయింది. లేచి వెళ్ళిపోతే, తలుపు దగ్గరికి వేసి తాళంచెవి పక్కకొట్లో ఇచ్చి, ఒంట్లో బాగోలేదని చెప్పి. లేచాడు కూడా. అప్పటికే బయట ఉలి గొంతు వినపడుతోంది, వాడికన్నా వాడి గొంతు ముందు వస్తుంది ఎప్పుడూ.

ముగ్గురూ కలిసే వచ్చారు. ఉలి నవ్వుతూ దేన్నో తిడుతూ లోపలికొచ్చి, గుమ్మం పక్కన మొదటి బొమ్మ దగ్గర ఆగి, నడవడం మొదలుపెట్టాడు. వెనక టీచరు, టీచరు వెనక ఫొటోగ్రాఫరమ్మాయి. అతను స్టూలు పట్టుకుని నిలబడి వాళ్ళ ముఖాలు చూడలేదు, వాళ్ళ చెప్పుల చప్పుడు విన్నాడు. రెండో బొమ్మ దగ్గర ఉలి తిట్టడం ఆపేశాడు. ఇంకాస్త పోయాక చెప్పులు మెల్లగా పడ్డాయి. నడిగోడ దగ్గర ఆగిపోయాయి. అక్కడ చాలాసేపు ఆగాయి. గదిలో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు, కానీ మాట్లాడుకుంటున్నారని అతనికి తెలిసింది, చూపులతో, అవి అతనికి అందవు. తర్వాత చెప్పులు కదిలి వెనక గోడదాకా వెళ్ళి తిరిగొచ్చాయి.

"చాలా బాగుంది అన్నయ్యగారూ" అంది టీచరు. "పొద్దున్నుంచీ నిలబడే ఉన్నారేమో, కూర్చోండి."

"బాగుంది బాబాయ్. నిజంగా" అంది ఫొటోగ్రాఫరమ్మాయి. "పిన్ని వస్తోందా ఇవాళ? ఇంటికెళ్ళేటప్పుడు తోడుంటుందా?"

ఉలి గొంతు సవరించుకున్నాడు. "బాగుందిరా" అన్నాడు.

ఉలి నోటంట ఆ మాట విన్నవాడు ఈ భూమ్మీద లేడు. అతను అరచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. కానివ్వండి మరి, జరుపులు కానివ్వండి, టైమవుతోంది అన్నాడు, గొంతు మామూలుగానే ఉండాలని చూశాడు. ఎవరూ కదల్లేదు. అన్నీ బాగానే కుదిరాయి అన్నయ్యగారూ, ఈసారికి నా జరుపు అక్కర్లేదు అంది టీచరు. నాదీ అక్కర్లేదు బాబాయ్. ఉలి సుత్తి తీసి చేతిలో పట్టుకుని మళ్ళీ కింద పెట్టాడు. డాక్టరు పిల్ల గొంతు ఇదే. బాగుందండీ, తోడు ఎవరైనా వచ్చారా. అమ్మ గొంతు ఇదే. పిల్లలందరి గొంతూ ఇదే, అందులో అందరికన్నా పెద్దది ఎవరిదో తెలుసు. ఆడుతున్న వాచీ తెచ్చి పెట్టేశారు. ఎంత ప్రేమగా, ఎంత జాగ్రత్తగా, ఎంత మెల్లగా తెచ్చి ముందు పెట్టేశారు. ఇప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని తృప్తిపడితే ఈ సాయంత్రం గడిచిపోతుంది, తర్వాతది కూడా గడుస్తుంది, కుర్చీ ఎవరో ఒకరు మెల్లగా గోడవైపు తిప్పుతారు. స్టూలు వదిలేశాడు.

"తగిలించినవాడికి జరుపు ఉండదు, తెలుసు" అన్నాడు. "ఈసారికి నాకొకటి ఇవ్వండి."

"ఏది జరుపుతావు?" అన్నాడు ఉలి.

"నాకు కనపడటం లేదురా. ఏది తప్పో కనపడటం లేదు. మీరు చెబితే జరుపుతాను."

వీధిలో ఏదో బండి వెళ్ళింది. టీచరు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. ఉలి వచ్చి పక్కన నిలబడ్డాడు, వాడి దగ్గర ఎప్పుడూ ఉండే చెక్కపొడి వాసన.

"నడిమిది" అన్నాడు.

"నడిమిది నాది."

"నీదేరా. అది నీలం కాదు. ఆకుపచ్చ."

ఏ తోటండీ ఇది. ఎక్కడివక్కడ పెట్టేశాన్లెండి, అల్మారా పై అర, ఎడమ చివర. కంటికి చల్లగా ఉంది. అన్నీ ఒక్కసారిగా వచ్చి మీదపడ్డాయి, ఆ నడిమిదాని మాట విని కట్టిన గోడంతా కాళ్ళకింద నుంచి జారిపోతున్నట్టయింది, చెయ్యి చాస్తే ఉలి భుజం దొరికింది. అంతలో చిత్రంగా ఇంకో ప్రశ్న వచ్చింది, కొట్లో ముందుకొచ్చి నిలబడ్డ ప్రతి మనిషినీ అడిగిన ప్రశ్నే.

"పచ్చంటే ఎలాంటి పచ్చ?"

ఉలి ఆలోచించాడు. "మా అమ్మ పోయిన ఏడాది మా వీధి తలుపుకి కలిపిచ్చావే, నేను పెచ్చు పట్టుకొస్తే. అచ్చం అదే."

ఆ పచ్చ కనపడింది. ఈ గదిలో ఏదీ కనపడనంత స్పష్టంగా కనపడింది, తెలుపు రెండు గరిటెలు, పచ్చ అయిదు, నల్లది పుల్ల ముంచి విదిలిస్తే పడేటంత. మంచి పచ్చే అది అన్నాడు. "మంచిదే, నా తలుపింకా వెలిసిపోలేదు" అన్నాడు ఉలి, వాడి గొంతు బొంగురుపోయింది, దాన్ని కప్పిపుచ్చుకోవడానికి అరవడం మొదలుపెట్టాడు. "దాన్ని ఆనవాలు పెట్టుకుని తగిలించావా ఇవన్నీ? తగలెట్టావు పో! ఆ షట్టరు అక్కడేమిట్రా, నా పలకలు అంత నల్లగా ఉంటే గుమ్మంలో పెడతావా, నీ కళ్ళు కాకులెత్తుకుపోయాయా?" నాలిక కరుచుకున్నాడు. అతనికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, ఏది ముందొచ్చిందో తెలీదు. ఎత్తుకుపోతున్నాయిరా అన్నాడు. అప్పుడు టీచరు, నా జరుపు నాకిచ్చెయ్యండి, ఆ ఆకాశం ముందు నాది అంటూ పరిగెత్తింది, ఒక్కటే అంటే ఎలా అండీ, ఇవాళ ఎన్నయినా అని ఫొటోగ్రాఫరమ్మాయి అరిచింది, ఆ పచ్చదాన్ని మాత్రం నడుమనుంచి తియ్యొద్దని ఒకరు, తియ్యాలని ఒకరు, మేకులు ఊడుతున్నాయి, సున్నం రాలుతోంది, ఇన్నేళ్ళుగా ఈ షాపులో ఎలా ఉండేదో అలాగే ఉంది. అతను నడిగదిలో నిలబడి ఉన్నాడు. భయం పోలేదు, పక్కనే ఉంది, కాకపోతే ఇప్పుడు అందరికీ తెలిసినదై ఉంది.

గుమ్మంలో ఇస్త్రీ చీర గరగరలాడింది. ముందే వచ్చేసింది. లోపల యుద్ధం చూసి, ఆ ఇదేగా రోజూ ఉండేది అన్నట్టు పక్కకి తప్పుకుని, అతని దగ్గరికొచ్చి, భుజం మీది సున్నం దులిపింది.

"నువ్వన్నది నిజమేనే. అది తోటే" అన్నాడు.

"ఆ రోజే చెప్పాను. వింటేగా."

"నాకు భయంగా ఉందే."

ఆవిడ దులపడం ఆపింది. చెయ్యి మాత్రం భుజం మీదే ఉంచింది.

"రేపట్నుంచి ఆ చుక్కలు నేను వేస్తాను" అంది. "సగం చెంపమీదే పోస్తున్నారు, చొక్కా కాలర్లన్నీ మరకలే. మందుసీసా గొడుగులో పెట్టుకుంటారా ఎవరైనా?"